ఏడో గీత మీద ఎర్ర గుర్తు

యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నాను. అందుకే ఇప్పటికీ గబగబా చదవలేను. ప్రతి అక్షరం దగ్గరా ఆగుతాను. దీర్ఘం, ఒత్తు ఏదీ వదలను.

తిరువూరు పక్కన మా మామిడి తోటలో రెండు బోర్లూ ఎండిపోయిన వేసవిలో, నీటి జాడ చూడటానికి ఒక సారు లాప్‌టాప్‌తో వచ్చారు. ఇంకొక్క బోరు వేయించే శక్తే మాకుంది. అది తప్పితే తోట పోయినట్టే.

నేలలో వరసగా పన్నెండు చిన్న పరికరాలు గుచ్చి, ఒక చివర ఇనప పలక మీద మా ఆయన చేత సమ్మెటతో కొట్టించారు. ఆ అదురు ఒక్కో పరికరాన్ని చేరగానే తెర మీద దాని గీత వణికింది. వణుకు ఎక్కడ మొదలైందో కంప్యూటరే వెతికి, గీతకొక ఎర్ర గుర్తు పెట్టింది. దూరం పోయేకొద్దీ గుర్తు కొంచెం కొంచెం ఆలస్యంగా పడాలట. ఏడు, ఎనిమిది గీతల మీద మరీ ఆలస్యంగా పడింది.

“ఇక్కడ రాయి పగిలి ఉందండి. అందుకే అదురు నెమ్మదించింది. నీళ్లుంటే ఇక్కడే,” అన్నారు సారు.

నేను తెర మీదకి వంగాను. “ఈ ఏడో గీత, గుర్తుకి ముందే కాస్త వణికింది కదండీ?”

“అంత చిన్నదాన్ని అది పట్టించుకోదమ్మా. ఇంత ఎత్తు లేస్తేనే గుర్తు పెట్టమని చెప్పి ఉంచాం. లేకపోతే ఆకు కదిలినా పెట్టేస్తుంది.”

“నిన్నగాక మొన్న అ ఆలు నేర్చింది, కంప్యూటర్‌కి తప్పులు దిద్దుతోందండీ!” అన్నారు మా ఆయన. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కానీ ఎనిమిదో గీత మీదా అలాంటి చిన్న వణుకే ఉంది. ఆ రెండు చిన్న వణుకులూ మిగతా గుర్తుల వరసలోనే ఉన్నాయి. అంటే అదురు వేళకే వచ్చింది, కింద రాయి పగల్లేదు. ఆ రెండు పరికరాలూ చెట్టు పాదులో, వదులు మట్టిలో గుచ్చినవి. అందుకే అదురు వాటికి సన్నగా తగిలింది. కంప్యూటర్ దాన్ని వదిలేసి తర్వాతి పెద్ద వణుకుని పట్టుకుంది. గట్టి నేలలో గుచ్చి ఇంకోసారి కొట్టి చూడమందామని నోటిదాకా వచ్చింది. ఊరుకున్నాను.

వారం తిరక్కుండా సారు చూపిన చోటికే బోరు బండి వచ్చింది. మధ్యాహ్నం దాకా తెల్లటి రాతి పొడే లేచింది. తడి తగల్లేదు. మా ఆయన తలా మీసాలూ తెల్లబడిపోయి, గొట్టం వంకే చూస్తూ నిలబడ్డారు.

వానలు రాలేదు. చెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. కొట్టించి లారీకి ఎత్తించిన రోజు, ఆయన ఒక మొద్దు మీద కూర్చుని అడిగారు.

“ఆ రోజు సారుతో ఏదో అన్నావు చూడు, ఏంటది?”

“గుర్తు లేదండీ,” అన్నాను.