రాజాకి జాజికాయ వైద్యం

ఒక కుక్కను దాదాపు చంపినదాన్ని నేను. జాలిగుండె వాళ్ళు కంగారు పడకండి, కుక్క బతికింది. పోయింది నా పరువే. అయినా తల దించుకుని మాత్రం చెప్పను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు మహదేవపురలో ఉద్యోగం, వర్తూరులో మేడ మీద అద్దె గది. కింద ఇంటి ఓనరు నారాయణప్ప, ఆయన కుక్క రాజా ఉండేవాళ్ళు. కడప నుంచి నేను తెచ్చుకున్న ఆస్తి ఒక్క పోపులడబ్బా. జలుబుకు మిరియాలు, అజీర్తికి వాము అంటూ ఆఫీసులో సగం మందికి అడగకుండానే వైద్యం చేసేదాన్ని. తగ్గితే నా గొప్ప. తగ్గకపోతే వాళ్ళ ఒళ్ళే మంచిది కాదు.

ఒక ఆదివారం నారాయణప్ప దొడ్డబళ్ళాపురంలో కూతురింటికి వెళ్తూ రాజాను నాకు అప్పగించాడు. పెరుగన్నం పెట్టమన్నాడు. ఇంకేమీ పెట్టొద్దన్నాడు. ఆ రెండో మాటను నేను ఉత్త సలహాగా తీసుకున్నాను.

ఆయన బస్సెక్కాడో లేదో, పక్క సైటులో బోరు వేయడం మొదలైంది. నేల అదిరిపోతోంది. రాజా మంచం కింద దూరి, తనతోపాటు మంచాన్నీ వణికించింది. మా ఇళ్ళలో పసిపిల్లలు నిద్రపోకపోతే జాజికాయ అరగదీసి నాలుకకు రాస్తారు. పసిగుడ్డుకు మంచిదైంది ఇరవై కిలోల కుక్కకు చెడ్డదెలా అవుతుంది, మీరే చెప్పండి. ఒళ్ళు పెద్దది కాబట్టి సగం కాయ అని లెక్క తేల్చాను. ఇంజనీరింగ్ చదివిన బుర్ర మరి. తురిమి పెరుగన్నంలో కలిపి పెడితే గిన్నె నాకి మరీ తింది.

కొన్ని గంటలు గడిచాయి. నిద్ర రాలేదు సరికదా, రాజా లేచి వెళ్ళి ఉత్త గోడను చూసి తోక ఊపసాగింది. తర్వాత తాగొచ్చిన పెళ్ళికొడుకులా నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు వేసింది. ఛాతీ మీద చెయ్యి పెడితే గుండె ఆ బోరు మిషను కంటే గట్టిగా కొట్టుకుంటోంది. అప్పుడు నిజంగా భయం వేసింది. ఆ ఇంట్లో నారాయణప్పకు తోడున్నది అదొక్కటే. దాన్ని దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కి, దారి పొడుగునా దాని చెవిలో క్షమాపణలు చెప్పుకున్నాను.

ఏం పెట్టావని పశువుల డాక్టరమ్మ అడిగితే, సాటి వైద్యురాలితో మాట్లాడినట్టే చెప్పాను. పసిపిల్లలకు కూడా పెడతామని వాదించాను.

"పిల్లలకు ఎంత పెడతారు?"

"రాయి మీద ఒక గీత."

"దీనికి?"

"సగం కాయ."

ఆవిడ రాజాను చూసి, నన్ను చూసి, పేషెంటు ఎవరో తేల్చుకోలేనట్టు ఒక్క క్షణం ఆగింది. జాజికాయ కుక్కలకు విషమని, ఉల్లి, వెల్లుల్లి కూడా అంతేనని, కారం, మిరియాలు కడుపును మండిస్తాయని చెప్పింది. చిటికెడు పసుపు, కాస్త అల్లంతో మామూలుగా ముప్పు లేదు గానీ, అసలు కుక్కకు పోపెందుకని అడిగింది. ఇంజెక్షన్, సెలైన్ అయ్యాక, సాయంత్రానికి దాని గుండె నెమ్మదించింది. రెండు రోజులు ఉప్పూ కారం లేని అన్నం, ఉడికించిన కోడిమాంసం పెట్టమంది.

దాన్ని ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, అలాగే వండి, చల్లారడానికి కింద వరండాలో పెట్టి పైకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నారాయణప్ప వచ్చేశాడు. గిన్నె ఖాళీగా ఉంది. ఆయన చెయ్యి కడుక్కుంటున్నాడు.

"బలే ఉండాదమ్మా. ఇన్ని దినాలు నువ్విచ్చే కూరలు ఆ మంటకి తినలేక రాజాకే వేస్తా ఉంటిని. ఈ పొద్దు నోట్లో పెట్టుకునేట్టు చేసినావు."

నా కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిది ఒక్కటీ లేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని జాజికాయ సంగతి మొత్తం చెప్పాను. డాక్టరమ్మ ఉల్లి, వెల్లుల్లి గురించి అన్న మాట కూడా దాచలేదు. గది ఖాళీ చెయ్యమంటారా అని నేనే అడిగాను. ఆయన నిద్రపోతున్న రాజా పక్కన కూర్చుని చాలాసేపు దాని తల నిమిరాడు.

"నిన్ను ఖాళీ చేయిస్తే, నేనూ ఖాళీ చెయ్యాల గదమ్మా."

ఆ రాత్రే గంభీరంగా ప్రమాణం చేశాను. నాలుగు కాళ్ళ ప్రాణి దేనికీ నా పోపులడబ్బా మూత తియ్యను. రెండు కాళ్ళ వాళ్ళకు మాత్రం ఏ హామీ ఇవ్వలేదు. మరుసటి ఆదివారం నారాయణప్పకు గుత్తివంకాయ పట్టుకెళ్ళి, ఆయన తినేదాకా ఎదురుగానే కూర్చున్నాను.