ఇరవై ఆరు కేజీల సంచి

తాడేపల్లిగూడెంలో మాది బియ్యం సంచుల మీద అచ్చు వేసే కొట్టు. కొట్టు అనగానే పెద్దగా ఊహించుకోకండి. ముందు ఒక గది, వెనక రేకుల వసారా, ఆ వెనక సంచులు ఆరేయడానికి తాళ్లు కట్టుకున్న కాస్త దొడ్డి. మిల్లు పేరు, బియ్యం రకం, ఒక పువ్వో నెమలో, అన్నిటికంటే కింద బరువు. ఇవన్నీ ట్రేసింగ్ కాగితం మీద రాసేది నేను. చెక్క ఫ్రేముకి బిగించిన సన్నటి గుడ్డ మీదికి వాటిని దింపి, రంగు పోసి, రబ్బరు పట్టీతో లాగి అచ్చు వేసేది మా ఆయన. ఇంట్లో మా మాట వేరే అయినా కొట్లో ఇద్దరం తెలుగే మాట్లాడుకుంటాం. మిల్లుల వాళ్లు వస్తూ పోతూ ఉంటారు, వాళ్ల ముందు వాళ్లకి తెలియని భాషలో మాట్లాడుకుంటే బాగుండదు.

మా పుట్టిల్లు ఏలూరు. మా నాన్న తివాచీలు నేసేవారు. గళ్ల కాగితం మీద ఆయన గీసే తీగల్ని చూసి నేనూ గీయడం నేర్చుకున్నాను. ఆ చెయ్యే తర్వాత నాకు సంచుల మీద అన్నం పెట్టింది. గొప్పలు చెప్పుకోవడం తప్పయితే క్షమించండి కానీ, నేను రాసిన అయిదు లాంటి అయిదు ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. పైన గీత తిన్నగా, పొట్ట నిండుగా, చివర తోక తివాచీ అంచులో తీగ కొసలా లోపలికి తిరిగి ఉంటుంది. ఇరవై అయిదు కేజీల సంచి అంటే చాలు, మిల్లుల వాళ్లు మా కొట్టుకే వచ్చేవారు. కనీసం నేను అలా అనుకునేదాన్ని.

పన్నుల గురించి నాకు తెలిసిందంతా ఈ సంచులు నేర్పిందే. జీఎస్టీ వచ్చిన కొత్తలో బ్రాండు పేరున్న బియ్యానికి పన్ను ఉంది, పేరు లేని బియ్యానికి లేదు అన్నారు. పేరు ఉన్నా సరే, దాని మీద హక్కు వదులుకుంటున్నామని సంచి మీద వేస్తే పన్ను ఉండదని కూడా అన్నారు. దాంతో కొందరు పైన తమ పేరు ఇంతేసి అక్షరాలతో వేయించుకుని, కింద చీమల్లాంటి అక్షరాలతో ఈ పేరు మీద మాకే హక్కూ లేదని వేయించుకున్నారు. నేను నవ్వుకుంటూనే రాసిచ్చాను. తర్వాత ఆ నవ్వు కూడా పోయింది. ఈ గొడవంతా మనకెందుకని ఎక్కువమంది ఉత్త తెల్ల సంచుల్లో బియ్యం నింపి పంపడం మొదలుపెట్టారు. తెల్ల సంచికి మాతో పనేముంది? డబ్బాల్లో రంగు గడ్డకట్టింది. మా ఆయన ఒక ఆటో అద్దెకి తీసుకుని ఖాకీ చొక్కా తొడుక్కున్నారు.

ఆటో నడపడం తక్కువ పనేం కాదు. కానీ ఆయన తత్వానికి అది పడదు. స్టేషను బయట ఇంకో ఆటో అతనితో పోటీపడి పాసింజరుని పిలవాలంటే ఆయనకి గొంతు లేవదు. సాయంత్రం వచ్చి ఆ చొక్కాని కొట్లో మేకుకి తగిలించి, ఖాళీ ఫ్రేముల వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయేవారు. ఆ చొక్కా కనబడితే నాకు ఒళ్లు మండేది. దాని మీద ఉన్నంత కోపం నాకు ప్రభుత్వం మీద కూడా లేదు.

కొన్నేళ్లకి రూలు మళ్లీ మారింది. ఈసారి పన్ను పేరుని వదిలేసి బరువుని పట్టుకుంది. లేబులు వేసి కుట్టిన సంచి ఇరవై అయిదు కేజీల దాకా ఉంటే పన్ను, అది దాటితే లేదు. ఢిల్లీలో ఈ మాట రాసినవాళ్లకి మా గూడెం మిల్లుల వాళ్ల సంగతి తెలిసినట్టు లేదు. చూస్తుండగానే ఊరంతా ఇరవై ఆరు కేజీల సంచులు అయిపోయాయి. సంచి మూతి కుట్టే చోటు వేలెడు పైకి జరిగింది. హమాలీల వీపుల మీద సంచికో కేజీ చొప్పున బరువు పెరిగింది, వాళ్లనెవరూ అడగలేదు.

ఏలూరు నుంచి మా అమ్మ ఫోను చేసి, "ఏంటే ఇది, ఎప్పుడూ సంచి మొత్తం మన డబ్బాలో సరిపోయేది, ఈసారి కేజీ బియ్యం బయట మిగిలిపోయాయి," అంది. నేను రూలంతా వివరంగా చెప్పాను.

"అయితే పన్ను తప్పాలంటే ఇంకో కేజీ ఎక్కువ తినాలన్నమాట," అని ఫోను పెట్టేసింది.

ఆ ఒక్క కేజీ నాకు మాత్రం దేవుడిచ్చినట్టే వచ్చింది. బరువు దాటాక పేరు ఎంత పెద్దగా వేసుకున్నా అడిగేవాళ్లు లేరు. పేర్లు తిరిగొచ్చాయి, పువ్వులూ నెమళ్లూ తిరిగొచ్చాయి. పెంటపాడు వైపు మిల్లున్న ఒక పెద్దాయన, మాకు పాత పరిచయం, ఆరు వందల ఖాళీ సంచులు పంపించి, "ఇవి బాగా వచ్చాయంటే ఇక ఏడాది పొడుగునా మా అచ్చు మీదేనండి," అన్నారు. ఆ మాట వినగానే నేను మేకు వైపు చూశాను. ఏడాది పొడుగునా పని ఉంటే ఆ చొక్కా అక్కడ వేలాడక్కర్లేదు.

తప్పు నాది. దాన్ని దాచుకోను. పేరుకి పెద్ద ఫ్రేము, బరువుకి వేరే చిన్న ఫ్రేము ఉంటాయి. ఇరవై ఆరుకని కొత్త ఫ్రేము చేశాను కానీ నా ఆరు నాకే నచ్చలేదు. అన్నం తిని కూర్చున్న మనిషిలా పొట్టేసుకుని ఉంది. పాత ఇరవై అయిదు ఫ్రేముని కడిగేయమని మా ఆయన మూడుసార్లు చెప్పారు. "దాంతో ఇంక పనేముంది? బ్లీచింగు నీళ్లతో కడిగేస్తే ఆ గుడ్డ ఇంకోదానికి పనికొస్తుంది కదా," అన్నారు. రేపు, ఎల్లుండి అంటూ దాటేశాను. అంత మంచి అయిదుని చేజేతులా చెరుపుకోవడానికి మనసొప్పలేదు. రెండు ఫ్రేములూ గోడకి ఆనించి పక్కపక్కనే ఉండిపోయాయి.

ఆ రోజు పొద్దున్నే మా ఆయన ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని ద్వారకా తిరుమల వెళ్లారు. సంచుల మీద పేర్లు అప్పటికే వేసి ఆరిపోయాయి, బరువు ఒక్కటే మిగిలింది. ఆయన వచ్చేసరికి పూర్తి చేసి చూపిద్దామని నేనే మొదలుపెట్టాను. చెయ్యి అలవాటైన ఫ్రేము మీదికే వెళ్లింది. రంగు చక్కగా దిగుతోంది, గీత ఎక్కడా చెదరడం లేదు, నా పనితనానికి నేనే మురిసిపోతూ వేసుకుంటూ పోయాను.

మధ్యాహ్నం వసారా గట్టు మీద కంచం పెట్టుకుని కూర్చుని తలెత్తాను. తాళ్ల మీదా నేల మీదా పరిచిన ప్రతి సంచి మీదా నా అయిదు. ఎంత బాగా వచ్చిందో అని ఒక్క క్షణం సంబరపడ్డాను కూడా. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఇవి ఇరవై ఆరు కేజీల సంచులని.

ఆ రంగు ఒకసారి ఆరిందంటే సంచి చిరగాలే కానీ అది పోదు. ఇరవై అయిదు అని రాసిన సంచిలో ఇరవై ఆరు పోస్తే లేబులు అబద్ధం. ఇరవై అయిదే పోస్తే పన్ను. మిల్లు ఆయన ఏ రకంగానూ వాటిని తీసుకోరు. సంచులు పాడుచేసినందుకు మేము డబ్బు కట్టుకోవాల్సింది ఎలాగూ ఉంది, అంతకంటే ముందు ఏడాది పని చేజారిపోతుంది. మర్నాడు సాయంత్రానికి సంచులు మిల్లులో ఉండాలి.

మూడింటికి మా ఆయన వచ్చారు. చొక్కా మేకుకి తగిలించి దొడ్లోకి వెళ్లారు. ఒక సంచి చూశారు, ఇంకొకటి చూశారు. లోపలికి వచ్చి మంచినీళ్లు తాగారు. అప్పుడే విప్పిన చొక్కాని మళ్లీ తీసి తొడుక్కున్నారు.

"ఎక్కడికండీ?" అన్నాను.

"రైలు వచ్చే టైమయింది. స్టేషనుకి వెళ్తా."

నాలుగు తిట్టి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. ఆ బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంటుంటే చూడలేకపోయాను. "తిట్టండి! మూడుసార్లు చెప్పారు కదా, విననిది నేనే కదా, తిట్టండి!" అని అరిచాను. తప్పు చేసినప్పుడే నాకు గొంతు ఎక్కువ లేస్తుంది.

"తిడితే అయిదు ఆరవుతుందా?" అన్నారు ఆయన, నెమ్మదిగానే.

అవదు అనబోయి, చేతిలో ఉన్న సంచి వైపు చూశాను. నా అయిదుకి తోక లోపలికి తిరిగి ఉంటుందని చెప్పాను కదా. ఆ తోక కొస నుంచి ఎడమ పక్కగా పైన మెడ దాకా ఒక్క వంకర గీత వేస్తే ఖాళీ మూసుకుపోతుంది. మూసుకుపోతే అది ఆరు. ఉత్త అయిదు అయితే కుదిరేది కాదు. తోక అంత పొడుగ్గా తిప్పాను కాబట్టి కుదిరింది.

"అవుతుందండీ," అన్నాను. "ఆ చొక్కా విప్పండి."

మా అత్తగారి మోకాలికి ఎప్పుడో తీయించిన ఎక్స్‌రే ఫిల్ము బీరువా మీద ఉంది. దాన్ని తీసి, బ్లేడుతో ఆ వంకర గీత మేరకి కోశాను. ఆయన దాన్ని సంచి మీద ఆనించి పట్టుకున్నారు, నేను స్పాంజి ముక్కతో రంగు అద్దాను. ఫిల్ము ఎత్తాక ఇద్దరం వంగి చూశాం.

"ఆరే," అన్నారు ఆయన.

"అయిదు కనబడుతోందా?"

"వెతికేవాళ్లకి కనబడుతుంది."

చీకటి పడేదాకా, మళ్లీ మర్నాడు పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా, ఆరు వందల సంచుల మీద ఆ గీత అద్దాం. అద్దినప్పుడల్లా నా అయిదు తోక ఆరు పొట్టలో కలిసిపోయేది. మొదటి వందకి ప్రాణం ఉసూరుమంది. ఆ తర్వాత వేళ్ల నొప్పి తప్ప ఇంకేమీ తెలియలేదు.

సంచుల్ని ఆటోలో వేస్తూ మా ఆయన, "చెప్పకుండా ఇచ్చేద్దామా?" అన్నారు. ఆయన అలా అనడం నాకు ఆశ్చర్యమే. అంత భయపడ్డారన్నమాట. "వద్దండీ. ఇప్పటిదాకా ఇది పొరపాటు. చెప్పకుండా ఇస్తే మోసం అవుతుంది," అని నేనూ ఆటో ఎక్కాను. దారంతా గుంటలే. ఒక గుంటలో ఇద్దరం ఎగిరిపడ్డాక ఆయన వెనక్కి తిరక్కుండానే, "పన్ను కట్టని బియ్యం కూడా ఈ రోడ్డు మీదే కదా వెళ్లేది. రోడ్డు ఎవరేస్తారు మరి?" అన్నారు. నాకు తెలిసిందల్లా ఆ కేజీ మీదే మా బతుకు నిలబడి ఉందని.

మిల్లు ఆయనకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని సంచిని వెలుగులోకి పట్టుకెళ్లారు. అంకె మీద గోరుతో గీకారు. రంగు రాలేదు.

"ఎవరైనా వచ్చి, ఇరవై అయిదుని ఇరవై ఆరుగా దిద్దారేంటండీ అని అడిగితే నేనేం చెప్పాలమ్మా?"

మా ఆయన తలుపు దగ్గర నేల చూస్తూ నిలబడ్డారు. మిల్లు ఆయన ఆ సంచినే నింపించి, మూతి కుట్టించి, కాటా మీద పెట్టించారు. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి. ఇరవై ఆరు.

మూతి కుట్టిన ఆవిడ వంగి అచ్చు చూసి, "మీ ఆరుకి నెలలు నిండినట్టున్నాయండీ," అంది. హమాలీలు నవ్వారు. మిల్లు ఆయన కూడా నవ్వారు.

"సంచిలో ఇరవై ఆరుంది, సంచి మీదా ఇరవై ఆరుంది. ఎవరన్నా అడిగితే కాటా మీద పెట్టి చూపిస్తాను," అన్నారు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటూ, "మీరు చెప్పకుండా నా అంతట నేను చూసుంటే మాత్రం మళ్లీ పిలిచేవాణ్ని కాదండి. వచ్చే వారం రెండు వేలు పంపిస్తాను. వాటికి మొదటినుంచీ ఆరే వేయండి," అన్నారు.

నేను దండం పెట్టడం కూడా మర్చిపోయాను. బయటికి వచ్చి ఆటోలో కూర్చున్నాను. పొట్టు వాసన, మిల్లు చప్పుడు, ఎండ. అన్నీ బాగున్నాయి. మా అమ్మకి ఫోను చేసి, ఆ మిగిలిన కేజీ బియ్యంతో పాయసం వండుకోమని చెప్పాను. ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు.

కొట్టుకి రాగానే పాత ఫ్రేముని దొడ్లోకి తెచ్చి బ్లీచింగు నీళ్లు పోశాను. రుద్దడానికి గుడ్డ కోసం అటూ ఇటూ చూస్తుంటే, మా ఆయన ఒంటి మీది ఖాకీ చొక్కా విప్పి నా ముందు పెట్టారు.

"దీంతో రుద్దు. ఆటో రేపు పొద్దున్న ఇచ్చేస్తున్నా," అన్నారు.

ఆ చొక్కాని నీళ్లలో ముంచి, అయిదు మీద పెట్టి రుద్దాను. పై గీత పోయింది, పొట్ట పోయింది, తోక అన్నిటికంటే చివర పోయింది. చొక్కాకి బ్లీచింగు తగిలిన చోటల్లా ఖాకీ వెలిసిపోయి తెల్ల మచ్చలు పడ్డాయి. ఇక అది ఒంటి మీద వేసుకోవడానికి పనికిరాదు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. గుడ్డ శుభ్రమైపోయాక కూడా ఇంకాసేపు దాంతోనే రుద్దాను.