ఎడమ బూటు

ప్రొద్దుటూరులో కానిస్టేబుల్ పరుగు పరీక్షకు తయారయ్యే రోజుల్లో నా గదిలో ఉన్నవాడు వేముల దగ్గరి పల్లెవాడు. గొర్రెలు మేపే ఇల్లు. ఇంజనీరింగ్ చదివిన నేను పరుగు ఎగ్గొట్టడానికి ముందుగానే కారణాలు రాసిపెట్టుకునేవాణ్ణి: మోకాలి నొప్పి, చాలని నిద్ర, అరగని భోజనం. అతను వాదించేవాడు కాదు. తెల్లవారుజామున నా ఎడమ బూటు చంకలో పెట్టుకొని గ్రౌండుకు వెళ్ళిపోయేవాడు. నాకున్నది ఆ ఒక్క జతే. తిట్టుకుంటూ వెళితే గేటు దగ్గర బూటు ఊపేవాడు.

"నీకు మోకాలు నొప్పంట, నీ బూటుకేం ల్యాదంటప్పా. అదే ముందొచ్చింది."

పరీక్షకు వారం ముందు ప్రాక్టీసు పరుగులో అతను అర్హత సమయానికి పన్నెండు సెకన్లు వెనకబడ్డాడు. వయసు దాటిపోతుండటంతో అతనికిదే చివరి అవకాశం. మర్నాడు లేచి చూస్తే నా బూట్లు రెండూ ఉన్నాయి. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"లేయప్పా."

"నేను రాను. నువ్వు పో."

అతని ఎడమ బూటు తీసుకొని వెళ్ళాను. గేటు దగ్గర ఇరవై నిమిషాలు స్టాప్‌వాచ్ చూస్తూ నిలబడ్డాను. వచ్చాడు, కుడి బూటు కూడా గదిలోనే వదిలేసి, వట్టి కాళ్ళతో.

"ఇన్నాళ్ళూ నన్ను ఉరికించి, ఇప్పుడు నువ్వే పండుకుంటే ఎట్లప్పా?" అన్నాను.

"నీ కోసరమనుకుంటివా? ఒక్కన్నే ఉరకల్లంటే నాకు కాళ్ళాడవు. అందుకే నీ బూటు ఎత్తుకపోతాంటి."

గీత మీద నిలబడి, "వాచీ నొక్కు" అన్నాడు.

నొక్కాను. వాచీ జేబులో వేసుకొని అతని పక్కనే పరుగు తీశాను.