ఉమ్మడి చెరువు

నా చిన్నప్పుడు మా వాకిలి మధ్యలో తాటాకు దడి ఒకటి లేచింది. దానికి ఇవతల మేము, అవతల మా పెదనాన్న వాళ్ళు. మా నాన్నది ప్రెసిడెంటు గారి పార్టీ. పెదనాన్నది ఓడిపోయిన మాజీ ప్రెసిడెంటు గారి పార్టీ. పంచాయతీ ఎన్నికల్లో అన్నదమ్ములిద్దరూ చెరో జెండా పట్టుకుని ఊరంతా తిరిగారు. ఆఖరికి రామాలయం దగ్గర చొక్కాలు చింపుకున్నారు. ఆ తర్వాత మాటల్లేవు. మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, పొద్దున ఒక ఇంట్లో గంజి తాగి, సాయంత్రం రెండో ఇంట్లో అన్నం తినేది. దడి తీసెయ్యమని ఇద్దరినీ బతిమాలింది. ఎవరూ వినలేదు.

భీమవరం చుట్టుపక్కల వరిచేలన్నీ రొయ్యల చెరువులవుతున్న రోజులవి. నాట్లకి పిలుపులు తగ్గిపోయి మా అమ్మ, పెద్దమ్మ చాలా రోజులు ఊరకే కూర్చునేవారు. మాకు తాతయ్య వదిలిన ఎకరం చేను ఒకటి ఉండేది. అది అన్నదమ్ములిద్దరిదీ. దానికి తూర్పున ప్రెసిడెంటు గారి చెరువు, పడమర మాజీ ప్రెసిడెంటు గారి చెరువు. రెండు చెరువుల ఉప్పు ఊటా మా చేలోకి దిగేది. ఆ ఏడు వరి మోకాలెత్తు రాకముందే ఎర్రబడి మాడిపోయింది. ఇద్దరూ కలిసి రెవెన్యూ ఆఫీసుకి వెళ్ళి అర్జీ పెడితే ఏమయ్యేదో నాకు తెలియదు. వాళ్ళు మాత్రం గట్టు మీద నిలబడి పోట్లాడుకున్నారు. ఊట పడమటి చెరువుదేనని మా నాన్న, కాదు తూర్పు చెరువుదేనని పెదనాన్న. ఎవరి నాయకుడి చెరువుని వాళ్ళు వెనకేసుకొచ్చారు. మధ్యలో చేను చచ్చిపోయింది.

ఒకరోజు ప్రెసిడెంటు గారి కొబ్బరితోటలో భోజనాలు పెట్టారు. రొయ్యలు బాగా పడ్డాయట. మామ్మ అంట్లు తోమడానికి వెళుతూ, కాస్త మంచి కూర దొరుకుతుందని నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది. వంటశాల వెనక గిన్నెలు కడుగుతుండగా తడిక అవతల నుంచి మాటలు వినిపించాయి. మామ్మ చేతిలో పీచు ఆగిపోయింది. తడిక సందులోంచి చూసి, నన్నూ చూడమంది. ప్రెసిడెంటు గారు, మాజీ ప్రెసిడెంటు గారు పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఒకాయన రెండో ఆయన విస్తట్లో తన చేత్తో కొరమీను ముక్క వేస్తున్నారు.

మామ్మ అప్పుడొక ఎత్తు వేసింది. ఊళ్ళోకి వెళుతున్న ట్రాక్టరు డ్రైవరుని పిలిచి, తను జారిపడి నడుము విరిగిందని కొడుకులిద్దరికీ కబురు చెప్పమంది. ఇద్దరూ చెరో దారిన పరుగెత్తుకొచ్చారు. వంటశాల వెనక ఎదురుపడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామ్మ బూడిద చేతులతో నిక్షేపంగా నిలబడి ఉంది.

"ఏంటమ్మా ఇది? ప్రాణాలు పోయాయి మాకు" అన్నాడు నాన్న.

"నాకేం కాలేదు. నోరు మూసుకుని ఇటొచ్చి వినండి" అంది.

ఇద్దరినీ తడిక పక్కన నిలబెట్టింది. లోపల మాజీ ప్రెసిడెంటు గారు అంటున్నారు:

"మన రెండు చెరువుల మధ్యా ఆ అన్నదమ్ముల ముక్క ఒక్కటీ అడ్డం బావా. అది కూడా కలిపేస్తే ఒకటే గట్టు తిన్నగా వచ్చేస్తుంది."

ప్రెసిడెంటు గారు నవ్వారు. "కలవక ఎక్కడికి పోతుంది? మావాడితో నేను మాట్లాడతాను, మీవాడితో మీరు మాట్లాడండి. వాళ్ళిద్దరికీ మాటల్లేవుగా, మనకి తేలిక."

రెండు చెరువులూ మొదటినుంచీ వాళ్ళిద్దరి ఉమ్మడి వ్యాపారమేనని ఆ మాటల్లో తేలిపోయింది. మా నాన్న అన్నగారి వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు. ఆ ఒక్క క్షణం ఇద్దరూ కలిసిపోతారనే అనుకున్నాను. మామ్మ మొహంలో కూడా ఆ ఆశే కనిపించింది.

అంతలో చెయ్యి కడుక్కోవడానికి ప్రెసిడెంటు గారు ఇవతలికొచ్చి మా నాన్నని చూశారు. కంగారేమీ పడలేదు.

"ఏరా, వచ్చావా? మంచి టైముకొచ్చావు. భోంచేసి వెళ్ళు" అన్నారు.

మా నాన్న భుజం మీద తువ్వాలు చేతిలోకి వచ్చింది. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. ఆ వెనకే మాజీ ప్రెసిడెంటు గారు వచ్చి పెదనాన్నని కూర్చోమన్నారు. ఆయన కూడా కూర్చున్నాడు. ఒకే తోటలో, రెండు వేరు వేరు పంక్తుల్లో, ఒకరికొకరు వీపులు పెట్టుకుని తిన్నారు. మామ్మ ముట్టలేదు. నా చెయ్యి పట్టుకుని తోట దాటించి, ఇంటికి లాక్కొచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే నాన్నని నిలదీసింది. "చెవులారా విన్నావు కదరా!"

"విన్నానమ్మా" అన్నాడు నాన్న. "రేపు పిల్లకి జ్వరమొస్తే కారిచ్చి కాకినాడ ఆస్పత్రికి పంపేది ఎవరు? ఇంటి పట్టా ఇప్పించేది ఎవరు? అన్నయ్యా? వాడికే దిక్కులేదు."

దడి అవతల పెదనాన్న కూడా వింటూనే ఉండి ఉంటాడు.

ఆ వేసవికే చేను చెరువులో కలిసిపోయింది. ఇద్దరూ విడివిడిగా వెళ్ళి, వాళ్ళిచ్చినంత పుచ్చుకుని సంతకాలు పెట్టొచ్చారు. మా నాన్న తన చేను ఉన్నచోటే రొయ్యలకి కాపలా మనిషయ్యాడు. పెదనాన్న కుటుంబంతో కాకినాడ హార్బరు పనికి వెళ్ళిపోయి, అక్కడే పోయాడు. ఆయన పోయినప్పుడు మా నాన్న వెళ్ళి, కాళ్ళ దగ్గర కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. మామ్మ అప్పటికే లేదు. ఆ ప్రెసిడెంట్లిద్దరూ ఆ తర్వాత వియ్యంకులయ్యారు. పార్టీలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటికోసం ఊళ్ళో మా పాత వీధిలో తలలు ఇంకా పగులుతూనే ఉన్నాయి.

నాకిప్పుడు మనవలు పుట్టే వయసొచ్చింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా మా అపార్ట్‌మెంటులో చదువుకున్నవాళ్ళు కూర్చుని, ఈ కూలి జనానికి బుద్ధి లేదు, నాయకుల కోసం కొట్టుకు చస్తారు అని నవ్వుతుంటారు. నేను వాళ్ళతో కలిసి నవ్వలేను. నిజం తెలిస్తే చాలు, కొడుకులు కలుస్తారని మామ్మ నమ్మింది. నిజం వాళ్ళకి తెలిసింది. తెలిసి కూడా, ఆ ప్రెసిడెంట్లిద్దరి చేతుల్లోంచి బయటపడి నిలబడే చోటు వాళ్ళకి దొరకలేదు. ఆ రోజు విస్తరి ముందు మా నాన్న ఎంతసేపటికీ తల ఎత్తలేదు. ఆయనకి బుద్ధి లేదని ఎవరైనా అంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, నాకు ఒళ్ళు మండిపోతుంది.