పోటు చూడకుండా పెట్టిన సభ

మొన్న సాయంత్రం టీవీలో ఎన్నికల చర్చ వస్తుంటే, మా ఆవిడ తెచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. బల్ల చుట్టూ నలుగురు అభ్యర్థులు, మధ్యలో ప్రశ్నలడిగే అమ్మాయి. ఐదో అభ్యర్థిని పిలవలేదట, ఆయన స్టూడియో గేటు ముందు నిలబడి నిరసన తెలుపుతున్నాడని అడుగున ఒక వరుస అక్షరాలు పరుగెత్తుకుంటూ పోయాయి. ఆ వరుస ఇంకోసారి వస్తుందేమోనని చూశాను, రాలేదు. మా ఆవిడ నా వంక చూసి, "పెద్దమ్మగారు గుర్తొచ్చేరా?" అంది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి మొగుడి మొహం చదవడం ఒక లెక్కా!

నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు గాని, ఎనభైల మొదట్లో మా కోనసీమ పల్లెల్లో టీవీలెక్కడివి? రేడియోలో ఢిల్లీ కబుర్లూ హైదరాబాదు కబుర్లూ వచ్చేవి గాని, మా ఊరి కబురు అచ్చులో చూసుకోవాలంటే అమలాపురంలో అచ్చయ్యే నాలుగు పేజీల వారపత్రికే గతి. నా మొదటి ఉద్యోగం అందులోనే. ప్రూఫులు దిద్దడం, విలేఖరులు పంపిన వార్తలు తిరగరాయడం నా పని. చేతులకంటిన సిరా అన్నం కలుపుకుంటున్నా వదిలేది కాదు, అదొక గొప్పగా ఉండేది ఆ వయసులో. ప్రెస్సు యజమానే సంపాదకుడు. మనిషి చెడ్డవాడు కాదు, ఎండాకాలం మాకందరికీ కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చేవాడు. కాకపోతే ఊళ్ళో మేడ ఉన్నవాడు తుమ్మినా వార్తే, లేనివాడు మొత్తుకున్నా వార్త కాదు ఆయనకి.

మా పెద్దమ్మ, అంటే అమ్మకి అక్క, మిషను బడిలో చదువుకుని, పంతులమ్మగా పనిచేసి రిటైరయిన మనిషి. తెల్లచీర, చేతిలో నల్ల గొడుగు, వానాకాలమైనా వేసవైనా అదే వేషం. మా ఊరు రాజోలుకి దిగువన గోదావరి పాయ ఒడ్డున ఉంది. పంచాయతీ ఒకటే అయినా సగం జనం పాయకి అవతల లంకలో ఉండేవారు. సముద్రం దగ్గరే కనుక ఆ పాయకి ఆటుపోట్లుండేవి. ఆటు వేళ నీళ్ళు వెనక్కిపోతే రేవుల్లో మోకాలి లోతు బురద తేలేది. హైస్కూలు మా వైపు ఉండడంతో లంక పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని ఆ బురదలోనే దిగి రావాలి. ఒక ఏడాది, పెద్దమ్మ దగ్గర అక్షరాలు దిద్దిన ఆడపిల్ల ఒకతె జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది, దాంతో తండ్రి చదువు మాన్పించేశాడు. ఆ సంగతి పెద్దమ్మని చాలా బాధపెట్టింది. రేవుకి మెట్లు కట్టించండని ఆవిడ అడగని పెద్దమనిషి లేడు. అందరూ ఆయ్, ఆయ్ అన్నవాళ్ళే గాని కట్టించినవాడు లేడు. చివరికి పంచాయతీ ఎన్నికలొచ్చినప్పుడు, మెట్ల కోసమే, తనే ప్రెసిడెంటుగా పోటీకి నిలబడింది. సర్పంచిని మా వైపు ప్రెసిడెంటుగారనే అంటారు.

పోటీలో మిగిలిన ఇద్దరూ ఉద్దండులు. ఒకరు అప్పటికి గద్దె మీదున్న ప్రెసిడెంటుగారు, రెండోవారు రైసుమిల్లు యజమాని. మా పత్రిక మొదటి వారంలోనే ద్విముఖ పోటీ అని రాసి పారేసింది. ముగ్గురున్నారండీ అని నేను చెప్పబోతే, బంధుప్రీతి ప్రెస్సు గడప బయట వదిలి రావాలోయ్ అన్నాడు సంపాదకుడు. ఈలోగా ఊళ్ళో యువజన సంఘం కుర్రాళ్ళు, అభ్యర్థులందరినీ ఒకే వేదిక ఎక్కించి, జనం చేత ప్రశ్నలడిగిద్దామని లంక బడి ఆవరణలో సభ పెట్టారు. మంచి ఆలోచనే. తీరా చూస్తే పెద్దమ్మకి పిలుపు లేదు. ఎందుకు పిలవలేదని వాళ్ళనడిగితే, పత్రికలో ఇద్దరి పేర్లే ఉన్నాయి కదండీ అన్నారు. పత్రికలో పేరెందుకు వెయ్యరని సంపాదకుణ్ణి మళ్ళీ అడిగితే, సభకి పిలవని మనిషి గురించి ఏం రాస్తామన్నాడు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళవదు! నాకు ఒళ్ళు మండిపోయింది గాని, పెద్దమ్మ మాత్రం, మాట్లాడ్డానికి పిలవకపోతే మానె, వినడానికి వెళ్ళొద్దన్నారా అంది.

కుర్రాళ్ళు సభకి ముహూర్తం పెట్టించారు. నవ్వకండి, మా వైపు బోరింగు పంపు బిగించినా ముహూర్తం చూస్తారు. పంచాంగంలో వర్జ్యం చూశారు, దుర్ముహూర్తం చూశారు, పోటు మాత్రం ఎవరూ చూడలేదు. ఆ పంచాంగంలోనే తిథిని బట్టి ఆటెప్పుడో పోటెప్పుడో చెప్పెయ్యొచ్చు, పడవవాళ్ళందరూ అలాగే చెప్పేవారు. కాని వాళ్ళనడగాలని ఎవరికీ తోచలేదు. శుభమా అని సరిగ్గా ఆటు వేళకి సభ కుదిరింది.

ఆ మధ్యాహ్నం వార్త రాయడానికని సంపాదకుడితో నేనూ రేవుకి వెళ్ళాను. బురదలో పంచెలు పాడవకుండా ప్రెసిడెంటుగారిని ఇద్దరు మనుషులు ఎత్తి తీసుకెళ్ళి పడవలో కూర్చోబెట్టారు. రైసుమిల్లాయన్నీ అలాగే మోశారు. మేమూ, సంతనుంచి తిరిగి వెళ్తున్న లంకవాళ్ళూ బురద తొక్కుకుంటూ ఎక్కాం. అప్పుడు గట్టు మీద గొడుగు కనిపించింది. పంతులమ్మగారు తరవాతి విడతకి వస్తారులే, పడవ తీసెయ్యమన్నాడు ప్రెసిడెంటుగారి మనిషొకడు.

పడవ నడిపే పెద్దాయన చేతిలోని వెదురు గెడ కదపలేదు. "రేవులో మనిషిని వదిలేసి పడవ తియ్యకూడదండి. మా తాతల్నించీ ఆ అలవాటు లేదండి" అన్నాడు. ఆవిడ చీర ఎత్తిపట్టుకుని, గొడుగు ఊతకర్రగా పట్టుకుని, నెమ్మదిగా వచ్చి ఎక్కేదాకా ఆగాడు. ఆ తరవాత కూడా, ఎప్పటిలాగే గట్టువైపు తిరిగి, "ఇంకా ఎవరైనా ఉన్నారాండీ?" అని ఒక కేక వేసి, జవాబు లేదని తేలాకే గెడ వేశాడు.

సగం దూరం వెళ్ళేసరికి పడవ ఇసుక మేట మీద కూర్చుండిపోయింది. నలుగురు దిగి తోసినా కదల్లేదు. "ఆయ్, ఇంక పోటు తగిలేదాకా ఇంతేనండి" అని పెద్దాయన తీరుబడిగా చుట్ట ముట్టించాడు. అవతలి ఒడ్డున మైకులో మాత్రం, అభ్యర్థులిద్దరినీ వేదిక మీదకి రావలసిందిగా కోరుతున్నామని ఒకటే పిలుపు. ముహూర్తం పెట్టించింది మీవాళ్ళంటే మీవాళ్ళని వాళ్ళిద్దరూ కాసేపు వాదించుకున్నారు. అప్పుడు గొంతు సవరించుకుంది పెద్దమ్మ.

"ఏవండీ ప్రెసిడెంటుగారూ, ఇందాకా మిమ్మల్ని ఇద్దరు మోసుకొచ్చి కూర్చోబెట్టేరు. మిల్లు బాబుగారినీ మోసేరు. మరి మా లంక పిల్లల్ని ఎవరు మొయ్యాలండీ?"

ఆ ప్రశ్న వేదిక మీదైతే అడిగేవారేమో గాని, జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి వేదికకి నాలుగు పక్కలా దారి ఉంటుంది. నడిపాయలో పడవకి దారెక్కడిది? ప్రెసిడెంటుగారు పై అధికారుల మంజూరు గురించి ఏదో గొణిగారు. ఏ ఏడాదినుంచీ మంజూరవుతోందండీ అని గంపలావిడ ఒకతె అడిగింది. అక్కణ్ణుంచి పడవంతా అందుకుంది. పెద్దమ్మ ఎవర్నీ ఒక్క పరుషపు మాట అనలేదు. బళ్ళో పిల్లల చేత ఎక్కం అప్పజెప్పించినట్టు, మెట్లు కట్టిస్తారా, ఎప్పుడు కట్టిస్తారు అని ఇద్దరి చేతా చెప్పించింది. తను గెలిస్తే ఏం చేస్తుందో కూడా చెప్పింది. పోటు తగిలి పడవ లేచేసరికి అందరి ముందూ మాట ఇచ్చేశారు ఇద్దరూ. నా జన్మలో అంత మంచి సభ మళ్ళీ చూడలేదు.

లంక చేరాక అసలు సభ జరిగింది. ఇద్దరూ దండలు వేయించుకుని, దేశభక్తి మీద మాట్లాడి దిగిపోయారు. పెద్దమ్మ జనంలో చాప మీద కూర్చుని విన్నది. మర్నాడు నేను పడవ సంగతంతా రాసి ఇస్తే, అదే పడవలో నా పక్కనే కూర్చున్న సంపాదకుడు దాన్ని నిలువునా కొట్టేశాడు. "పడవలో మాట్లాడింది ముచ్చటోయ్, మైకులో మాట్లాడిందే వార్త" అన్నాడు.

ఎన్నికలో మిల్లాయన గెలిచాడు. పెద్దమ్మ, ప్రెసిడెంటుగారిని మూడో స్థానానికి నెట్టి, రెండోదిగా నిలిచింది. మా పత్రికలో గెలిచినాయన పేరు వేశారు, ప్రెసిడెంటుగారి పేరు వేశారు, పెద్దమ్మ ఓట్ల పక్కన ఇతరులు అని వేశారు. ఆ పత్రిక ఆవిడకి చూపించడానికి నాకు చెయ్యి రాలేదు. ఎవరో చూపించారు. "పోన్లేరా అబ్బాయ్, ఆ ఇతరులేగా నాకు ఓటేసింది" అని నవ్వేసింది. నేను నవ్వలేకపోయాను. ఆ నెలలోనే ప్రెస్సు మానేసి, పెద్దమ్మ దారిలోనే బడిపంతులునయ్యాను.

మెట్లు మాత్రం మిల్లాయన కట్టించాడు. కట్టించక చస్తాడా, పడవెక్కినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మాట గుర్తు చేసేవారు మరి. వాటి మీంచి మొదటి రోజు లంక పిల్లలు కాళ్ళకి బురదంటకుండా ఎక్కి వస్తుంటే, పెద్దమ్మ గొడుగు కింద నిలబడి చూస్తూ కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడక్కడ వంతెన వచ్చింది. రావలసిందే, కాదనను. ఎవరి బండి మీద వాళ్ళు రయ్యిన దాటిపోతున్నారు, మెట్లకి నాచు పట్టేసింది, పడవ లేదు. పెద్దమ్మా లేదు, ఆ పెద్దాయనా లేడు. టీవీలో చర్చ గట్టి ప్రశ్న దగ్గరకొచ్చేసరికి ప్రకటనలొస్తాయి, అందరూ హాయిగా దిగిపోతారు. ఎవరిని కూర్చోబెట్టాలో, ఎవరిని గేటు దగ్గర ఆపాలో చూసుకోవడానికి టీవీవాళ్ళకి చాలామంది ఉన్నారట. చర్చ మొదలయ్యే ముందు గట్టువైపు తిరిగి, "ఇంకా ఎవరైనా ఉన్నారాండీ?" అని ఒక్క కేక వేసేవాడు మాత్రం వాళ్ళలో ఒక్కడూ లేడు.