గడ్డపార పడని జాగ

వరంగల్ కోటలో, మట్టికట్టకూ రాతిగోడకూ నడుమ భద్రమ్మకు అరెకరం జాగ ఉండేది. అంత జాగలో ఇల్లు మాత్రం ఒక్క గది, ముందు చిన్న పంచ. పిల్లలు ముగ్గురు పెరుగుతున్నా రెండో గదికి పునాది తీయనివ్వలేదు. పందిరి గుంజ పాతనివ్వక చిక్కుడు తీగను ఇంటి చూరు మీదికే పాకించింది. పక్కింటి కిషన్ రావు కొంత అమ్మమని నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లూ ఉత్త చేతులతోనే పోయాడు.

"జాగ మీద దయ్యం లెక్క కూసున్నది" అంది వాడకట్టు. అననీ, వాడకట్టుకు నోటిపని తప్ప వేరే పనేముంది?

సంగతి వేరే ఉంది. డెబ్బై నాలుగులో ఆమె తొలిచూలు ఆడబిడ్డ తొమ్మిదో రోజున పోయింది. పేరైనా పెట్టలేదు. అలాంటి పసిగుడ్డును ఆ ఇంట్లో శ్మశానానికి తీసుకుపోరు, ఇంటి జాగలోనే పూడుస్తారు. బాలింత చూడకూడదని తలుపు దగ్గరగా వేసి, అత్త ఒక్కతే పార పట్టుకుని వెళ్లింది. దిష్టి తగలకుండా భద్రమ్మ కట్టిన నీలం పూస బిడ్డ చేతికి అలాగే ఉంది.

ఎక్కడ పెట్టావని ఎన్నిసార్లు అడిగినా అత్తది ఒకటే మాట. "తెలిస్తె ఆడ్నే కూసుంటవ్ బిడ్డా, అడుగకు." ఆ ఏడాదే ఆమె కూడా పోయింది. ఎక్కడుందో తెలియని బిడ్డ అరెకరంలో ఎక్కడైనా ఉండొచ్చు. అందుకని ఎక్కడా గడ్డపార పడకూడదు. ఈ మాట నోటితో చెప్పడం భద్రమ్మకు చేతకాలేదు. మొదట్లో ఏడ్చేది. తర్వాత ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేది, అంతే.

ఎనభై ఆరులో పాత కట్టడాల కోసం తవ్వేవాళ్లు వచ్చారు. జాగ తవ్వుకోవచ్చని భర్త యాకయ్య కాగితం మీద వేలిముద్ర వేశాడు.

"సర్కారోళ్లు అడిగితె వద్దంటమా? మల్ల పూడుస్తరట," అన్నాడు భయంభయంగా.

భద్రమ్మ అరవలేదు. "నన్ను జల్లెడకాడ పెట్టుమను," అంది. తవ్విన ప్రతి తట్టా జల్లెడలోంచి పోవాలి. ఏది బయటపడినా ముందు తన చేతికే రావాలి.

మేకులు కొట్టి, తాళ్లు కట్టి జాగను గళ్లు గళ్లుగా విడదీశారు. దొరికిన ప్రతి కుండపెంకుకూ తవ్వకం చేయించే సారు చీటీ కట్టి నంబరు వేసేవాడు. మూలనున్న ఏడో గడిలో, మోకాటి లోతున తీసిన మట్టిలోంచి జల్లెడ మీద ఒక నీలం పూస నిలిచింది. దాని అంచు విరిగి ఉంది. ఐలోని ఊరి జాతరలో కొన్నప్పుడే విరిగిన అంచు అది.

ఆమెకు ఏమీ అనిపించలేదు. చేతులు మాత్రం ఆగిపోయాయి.

సారు వచ్చి పూసను ఎండకు పెట్టి చూశాడు. "ఇది కొత్తదమ్మా. పదేళ్లో, పదిహేనేళ్లో ఉంటుంది. మనకు పనికిరాదు, అవతల పారెయ్."

"పన్నెండేండ్లు సారూ," అంది భద్రమ్మ.

ఆయన అప్పటికే పక్క గడి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆమె పూసను కొంగున ముడి వేసుకుంది. ఏడో గడి పూడ్చిననాడు కూలివాళ్లను జరగమని, తట్టలన్నీ తానే మోసింది. తర్వాత కాళ్లు కడుక్కుని పంచలో యాకయ్య పక్కన కూర్చుంది.

"ఇగ రెండో అర్ర కట్టుకుందాం," అంది. "ఆ మూలకు మాత్రం వద్దు."