బండిని నడిపించిన బాబాయి

మా బాబాయి బండి నడపడు, నడిపిస్తాడు. దున్నపోతంత మోటార్‌సైకిల్ కొని, దాన్ని మనిషి నడకని మించి పోనిచ్చేవాడు కాదు. ఇంట్లో కుర్చీలో కుదురుగా కూర్చోలేని మనిషికి బండెక్కితే ఎక్కడలేని నిదానం. "వేగంగా ఎవడైనా నడుపుతాడ్రా. నెమ్మదిగా పోతూ కాలు కింద పెట్టకపోవడమే విద్య" అనేవాడు.

ఒకసారి నన్ను ఇంటర్వ్యూకి దింపుతానన్నాడు. సగం క్లచ్చు పట్టి, వెనక బ్రేకు మీద పాదం ఆనించి బయల్దేరాడు. కూరగాయల సంచితో ఓ ముసలాయన మమ్మల్ని దాటేశాడు. నేను ఉసూరుమని తల దించితే, కిందికి చూస్తే కిందే పడతామని కసిరాడు. మలుపులో ముందు బ్రేకు ముట్టుకోవడం మహాపాపమని ఇంకో పాఠం. నేను దూకి పరుగందుకున్నాను.

ఇంతటి విద్వాంసుడు, సాయంత్రాలు పిన్నితో వెళ్తే మాత్రం పడిపోయేవాడు.

పిన్ని బజార్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ, నలుగురిలో పడ్డానన్న సిగ్గు పోలేదు. గడప దాటనంది. నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పినా వినలేదు. తోడొస్తామంటే, నేనేం రోగిష్టిదాన్నా అని కయ్యానికొచ్చేది. బాబాయి తన గోడు వెళ్లబోసుకున్నాడు: "నా చూపు నిలవట్లేదే. నువ్వు ముందు నడువు, నిన్ను చూస్తూ నడుపుతా. లేకపోతే పడిపోతా."

మొదటిరోజు దర్జీ కొట్టు దగ్గరే బండి ఒరిగింది. లేపడానికి నాకు ఫోను. మేం చెమటలు కక్కుతూ లేపేదాకా పిన్ని అరుగు మీద కూలబడి ఆయన్ని తిట్టిపోసింది. తర్వాత కొన్నాళ్లు మందుల షాపు దగ్గర పడ్డాడు. ఆపైన పోస్టాఫీసు దగ్గర. ఫోనెప్పుడు మోగుతుందోనని సాయంత్రమైతే నాకు కాలు నిలిచేది కాదు.

విసుగెత్తి ఓ రోజు వాళ్ల వెనకాలే వెళ్లాను. పోస్టాఫీసు దాటగానే పిన్ని నడక తడబడింది, చెయ్యి నడుం మీదికి పోయింది. బాబాయి అది చూశాడు. హ్యాండిల్ పక్కకి తిప్పి, ముందు బ్రేకు గట్టిగా నొక్కాడు.

నేను ఎప్పట్లాగే వెళ్లి బండి లేపాను.

కొన్నాళ్లకి ఓ సాయంత్రం ఫోను మోగలేదు. ఉండబట్టలేక వాళ్లింటికి పరిగెత్తాను. బజారంతా చుట్టేసి పిన్ని ముందు నడిచొస్తోంది. వెనక బండి నిటారుగా ఉంది.

"చూశావుట్రా, ఇన్నాళ్లకి మీ బాబాయికి బండి నేర్పాను" అంది పిన్ని.

"అంతా నీ చలవే" అన్నాడు బాబాయి. జీవితంలో మొదటిసారి బండి మీదుండగా తల దించి, కిందికి చూస్తూ నవ్వుకున్నాడు.

పడలేదు. నా నడుం మాత్రం ఇప్పటికీ కలుక్కుమంటుంది.